మోడల్ రైలు కిట్ ఇంజన్ తడబడుతుంటే నూనె సీసా పక్కన పెట్టి, ముందు పొడిగా దొర్లించి చూడండి

మీ ప్రశ్న సారం ఒకసారి చెబుతాను, తర్వాత చదివేవాళ్ళకు పనికొస్తుంది. మీరు మొదటిసారి ఇత్తడి రేకు కిట్ తీసుకుని, టంకం వేసి, ఓఓ గేజ్ అనే మోడల్ రైలు కొలతలో ఆరు చక్రాల ట్యాంక్ ఇంజన్ (నీళ్ళ తొట్టి తన మీదే ఉండే రకం) కట్టారు. చాసిస్‌కు, అంటే చక్రాలు ఉండే అడుగు చట్రానికి, మోటారు కూడా బిగించారు. నెమ్మదిగా నడిపితే చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకచోట ఆగి, తోసినట్టుగా ముందుకు దూకుతోంది. కుట్టుమిషన్ నూనె ధారాళంగా వేస్తే ఆ సాయంత్రం బాగానే నడిచింది. మర్నాటికి ముందుకంటే ఎక్కువ మొరాయించింది, పట్టాల మీద నల్లటి జిడ్డు పేరుకుంది, మోటారు వేడెక్కుతోంది. ఏ నూనె వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి, ఎంత వెయ్యాలి అని అడిగారు.

నా సమాధానం ఇది. మీ ఇంజన్‌కు ఉన్న జబ్బు నూనె లేకపోవడం కాదు. చాసిస్‌లో ఎక్కడో పట్టేస్తోంది. దాన్ని నూనె చుక్క కూడా లేకుండా, మోటారు తీసేసి, పొడిగా ఉండగానే సరిచెయ్యాలి. చక్రాలు వాటంతట అవి సాఫీగా దొర్లిన తర్వాతే నూనె సంగతి. అప్పుడు కూడా ఒక్కో ఇరుసు బేరింగ్‌కు గుండుసూది తలలో సగం పరిమాణం చాలు. ప్లాస్టిక్‌ను తినెయ్యని సింథటిక్ నూనె బేరింగ్‌లకు, ప్లాస్టిక్‌కు హాని చెయ్యని మెత్తటి గ్రీజు వర్మ్ గేర్‌కు, అంటే మోటారు ఇరుసు మీది మరలాంటి వర్మ్, అది తిప్పే పళ్ళ చక్రం, ఈ జతకు. మోటారు కమ్యుటేటర్‌కు (మోటారు లోపల బ్రష్‌ల నుంచి కరెంటు అందుకుంటూ తిరిగే భాగం), చక్రాల అంచులకు, కరెంటు తీసుకునే తీగలకు ఏమీ వెయ్యకూడదు.

ఇక కారణాలు. నేను ఈ కిట్లు కట్టడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది, ఎక్కువగా 4 మి.మీ. స్కేల్‌లోనే, అంటే నిజమైన బండిలోని అడుగుకు 4 మి.మీ., 1:76. మీరు చేసిన పొరపాటు నేను నా రెండో ఇంజన్‌లో చేశాను, దాని మోటారు మార్చాల్సి వచ్చింది.

నూనె వేసిన సాయంత్రం ఎందుకు బాగా నడిచిందంటే, పట్టేస్తున్న చోట రెండు లోహాల మధ్య పల్చటి పొర చేరి రాపిడి తగ్గింది. తప్పు మాత్రం అక్కడే ఉంది. మోటారు ఆ చోటును దాటడానికి ప్రతి చుట్టులోనూ బలం ఖర్చు పెడుతూనే ఉంది. రాత్రికి నూనె పాకి, గాలిలోని దుమ్మును, చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే రాడ్ల నుంచి రాలిన ఇత్తడి పొడిని, బ్రష్‌ల కార్బన్ పొడిని కలుపుకుని ముద్దయింది. పట్టాల మీద మీరు చూసిన నల్లటి జిడ్డు అదే.

దొర్లింపు పరీక్ష

మోటారునూ గేర్‌బాక్స్‌నూ తీసి పక్కన పెట్టండి. వర్మ్ గేర్ ఉండగా చక్రాలను వేలితో తిప్పి చూడటం వల్ల ఏమీ తెలియదు. వర్మ్ చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం వర్మ్‌ను తిప్పలేదు, మన కిట్లలో వాడే నిష్పత్తులన్నిటిలోనూ అంతే. చాలామంది మోటారు బిగించాక కరెంటు ఇచ్చి చూసి, బలంగా లాగుతోంది కదా అని ముందుకు వెళ్ళిపోతారు. మోటారు బలం తప్పును దాచేస్తుంది.

ఒక అడుగు పొడవున్న అద్దం పలక తీసుకోండి. ఒక చివర కింద ఏదైనా పెట్టి సుమారు 15 మి.మీ. ఎత్తు చెయ్యండి. ఇరుసులు, చక్రాలు, రెండువైపులా కప్లింగ్ రాడ్లు బిగించిన చాసిస్‌ను పై చివర వదలండి. అది తనంతట తాను కిందికి రావాలి. మధ్యలో ఆగిపోతే చెయ్యి పెట్టకుండా ఆగిన చోటనే వదిలేసి, క్రాంక్ పిన్‌లు, అంటే చక్రం మీద రాడ్ తగిలే చిన్న మేకులు, ఏ స్థానంలో ఉన్నాయో చూసి రాసుకోండి. మళ్ళీ వదలండి. అయిదారుసార్లు వదిలేసరికి అది ఎక్కడ ఆగుతోందో అదే చెబుతుంది. నేను కాగితం మీద గడియారం ముఖంలా గుండ్రం గీసి, ఎడమవైపు పిన్ ఎన్ని గంటల దగ్గర ఉందో గుర్తు పెట్టుకుంటాను.

ఈ పరీక్షకు ముందు రాడ్లు లేకుండా ఒక్కో ఇరుసునూ విడిగా తిప్పి చూశారనే అనుకుంటున్నాను. చూడకపోతే అది మొదట. 4 మి.మీ. స్కేల్ డ్రైవింగ్ చక్రాల ఇరుసు సాధారణంగా అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.175 మి.మీ. బేరింగ్‌ను రేకులో పెట్టి టంకం వేసినప్పుడు దాని రంధ్రం కొంచెం ముడుచుకోవచ్చు, లేదా టంకం లోపలికి పాకవచ్చు. సరైన కొలత రీమర్‌ను (రంధ్రాన్ని నునుపు చేసే పనిముట్టు) రెండు బేరింగ్‌ల గుండా ఒకేసారి పోనిచ్చి తిప్పండి. ఇరుసు తన బరువుతోనే జారి బయటికి రావాలి, అలాగని పక్కలకు ఊగకూడదు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఓఓ గేజ్‌లో 14.5 మి.మీ. ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. అది తేడా ఉంటే పట్టాలు చీలే పాయింట్ల దగ్గర వచ్చే తడబాటును కూడా మీరు చాసిస్ ఖాతాలో వేసేస్తారు.

ఒకవైపు రాడ్లు తీసెయ్యండి

మీ సమస్య దాదాపు ఖాయంగా ఇక్కడే తేలుతుంది. ఎడమవైపు రాడ్లు మాత్రమే ఉంచి, కుడివైపువి పూర్తిగా తీసి దొర్లించండి. తర్వాత కుడివైపువి పెట్టి ఎడమవైపువి తీసి దొర్లించండి.

ఒకవైపు రాడ్లతోనే పట్టేస్తే, ఆ వైపు రాడ్ రంధ్రాల మధ్య దూరమూ ఇరుసుల మధ్య దూరమూ సరిపోలేదు. క్రాంక్ పిన్‌లు ఇరుసు మధ్య గీతకు సమంగా, అంటే గడియారంలో మూడు గంటల దగ్గరా తొమ్మిది గంటల దగ్గరా ఉన్నప్పుడు ఈ తేడా బయటపడుతుంది. ఆ స్థానంలో రాడ్‌కు పక్కకు తప్పుకునే దారి ఉండదు. ఎంత తేడా ఉంటే అంతా పిన్ మీదే పడుతుంది.

ఒకవైపు రాడ్లతో రెండువైపులా విడివిడిగా చూసినప్పుడు హాయిగా దొర్లి, రెండూ కలిపి బిగిస్తేనే పట్టేస్తే, అది క్వార్టరింగ్ తప్పు, అంటే రెండువైపుల క్రాంక్‌ల మధ్య కోణంలో తప్పు. ఎడమ క్రాంక్‌కూ కుడి క్రాంక్‌కూ మధ్య 90 డిగ్రీలు ఉండాలి. నిజానికి అది ఖచ్చితంగా 90 కాకపోయినా బండి నడుస్తుంది, మూడు ఇరుసుల్లోనూ ఒకే కోణం ఉండటమే ముఖ్యం. ఒక ఇరుసు మిగతావాటికంటే 2 డిగ్రీలు తేడాగా ఉందనుకోండి. ఈ స్కేల్‌లో క్రాంక్ పొడవు సుమారు 4 మి.మీ. కాబట్టి పిన్ దగ్గర అది 0.14 మి.మీ. తేడా అవుతుంది. కంటికి కనపడదు. కానీ పిన్ రంధ్రంలో మనం ఇచ్చే వదులు అంతకంటే తక్కువే, అందుకే పట్టేస్తుంది. చతురస్రపు కొనలున్న ఇరుసుల చక్రాలైతే కోణం వాటంతట అవే కుదురుతాయి. నునుపు ఇరుసు మీద ఒత్తి ఎక్కించే చక్రాలైతే మాత్రం చేతి అంచనాకు వదలకండి. ఒక ఇరుసును ప్రమాణంగా పెట్టుకుని మిగతా రెండిటినీ దానికి సరిపోయేలా ఒక్కొక్కటిగా తిప్పుకోవాలి.

ఆరు చక్రాల ఇంజన్ కాబట్టి ఇంకో సౌలభ్యం ఉంది. ముందు రెండు ఇరుసులను మాత్రమే కలిపి చూడండి, అవి సరిగ్గా దొర్లాక మూడోదాన్ని కలపండి. మూడిటినీ ఒకేసారి బిగించి ఎక్కడ తప్పుందా అని వెతకడం మొదలుపెడితే వారం గడిచిపోతుంది.

రంధ్రం పెద్దది చెయ్యాల్సి వస్తే అయిదు పలకల బ్రోచ్ (చేత్తో తిప్పి రంధ్రం పెంచే సన్నటి పనిముట్టు) వాడండి, డ్రిల్ వద్దు. డ్రిల్ పల్చటి రేకును పట్టి లాగేస్తుంది. బ్రోచ్ మొన వైపు సన్నగా ఉంటుంది కాబట్టి ఒకవైపు నుంచే తిప్పితే రంధ్రం గరాటులా అవుతుంది. రెండు తిప్పులు ఇటు నుంచి, రెండు తిప్పులు అటు నుంచి, తర్వాత బిగించి దొర్లించి చూడటం. పట్టేసే రంధ్రం ఏదో తెలిసేవరకు అన్నిటినీ పెద్దవి చేసుకుంటూ పోకండి. అలా చేస్తే చాసిస్ దొర్లుతుంది, కానీ రాడ్లు టకటకమంటూ కొట్టుకుంటాయి. ఒకసారి పెద్దదైన రంధ్రం మళ్ళీ చిన్నది కాదు.

ఒక ఇంజన్ విషయంలో రాడ్లు సరే, క్వార్టరింగ్ సరే, అయినా నాలుగు గంటల స్థానంలో ఆగేది. మూడు సాయంత్రాలు దానితోనే గడిపాను. చివరికి రాడ్లు విప్పి భూతద్దం కింద పెట్టి చూస్తే, వెనక రాడ్ లోపలి ముఖం మీద, రంధ్రం అంచుకు ఒకవైపే, నువ్వుగింజలో సగమంత మెరుపు మచ్చ కనపడింది. మిగతా ముఖమంతా మసకగానే ఉంది. ఆ ఒక్క చోటే చక్రాన్ని రాసుకుంటోంది. చక్రంలోకి ఎక్కించిన క్రాంక్ పిన్ నిలువుగా లేదు, వెంట్రుకవాసి వాలి ఉంది. పిన్ తీసి, రంధ్రం సరిచేసి, మళ్ళీ నిలువుగా ఎక్కించాక మొదటి వదులుకే అద్దం కింది చివరికి వచ్చింది. అందుకే చెబుతున్నాను, రంధ్రాలు పెద్దవి చెయ్యడం మొదలుపెట్టే ముందు రాడ్ ముఖాలను వెలుతురులో పెట్టి చూడండి. రాపిడి తన గుర్తు వదలకుండా ఉండదు. నూనె పోసి ఉంటే ఆ మెరుపు మచ్చ నల్ల జిడ్డు కింద దాక్కుంటుంది. పొడిగా పరీక్షించమనడానికి ఇదీ ఒక కారణం.

ఫ్లక్స్ కడగడం

మీరు రాయలేదు గానీ ఇది తప్పకుండా అడగాలి. టంకానికి ద్రవ ఫ్లక్స్, అంటే టంకం బాగా పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే ద్రవం, వాడారా? ఇత్తడికి మనం వాడేవాటిలో చాలావరకు పలుచన చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లమే. కడగకుండా వదిలితే బేరింగ్ అంచుల్లో పచ్చటి పొర కడుతుంది, ఉక్కు ఇరుసులు తుప్పు పడతాయి. నూనె దాని మీద పడితే ఆమ్లం పోదు, నూనే పాడవుతుంది. నేను ఒక చాసిస్‌ను తొందరలో కడగకుండా పెట్టెలో పెట్టాను. రెండు నెలల తర్వాత తీస్తే ఇరుసు మీద ఎర్రటి చుక్కలు, బేరింగ్‌లో ఇసుక వేసినట్టు గరగర. ఇప్పుడు టంకం పని జరిగిన ప్రతి పూటా చివర వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి, వెచ్చటి గాలిలో ఆరబెట్టాకే లైటు ఆర్పుతాను. చక్రాలు, మోటారు ఎక్కించక ముందే ఈ పని అయిపోవాలి.

చాసిస్ మీద వైట్‌మెటల్ (తక్కువ వేడికే కరిగే మెత్తటి మిశ్రమలోహం) భాగాలు అతికించే పని ఇంకా మిగిలి ఉంటే ఒక మాట. ఇత్తడి మీద ముందు మామూలు టంకం పల్చగా పూసి, ఆ తర్వాత 70 డిగ్రీల దగ్గరే కరిగే టంకంతో అతికించండి. 70 డిగ్రీల టంకం ఒట్టి ఇత్తడిని పట్టుకోదు. ఈ టంకాల్లో కొన్నిటిలో కాడ్మియం అనే విష లోహం ఉంటుంది కాబట్టి కిటికీ తెరిచి ఉంచండి.

నూనె చివర అన్నాను, దానికి ఒక్క మినహాయింపు ఉంది. క్రాంక్ పిన్ మీద రాడ్ జారిపోకుండా చిన్న వాషర్‌ను టంకంతో బిగించే పద్ధతి మీ కిట్‌లో ఉంటే, రాడ్‌కూ వాషర్‌కూ మధ్య నూనెలో ముంచిన టిష్యూ కాగితం ముక్క పెట్టండి. నూనె ఉన్నచోటికి టంకం పాకదు. లేకపోతే పిన్, రాడ్, వాషర్ మూడూ ఒకటైపోతాయి. వేడి తగలాల్సింది ఒక్క క్షణం, ఫ్లక్స్ చుక్కంత. తర్వాత కాగితం చింపి లాగేస్తే, రాడ్ ఆడటానికి కావలసినంత ఖాళీ కూడా మిగులుతుంది.

గేర్ల మధ్య వదులు

చాసిస్ దొర్లింది అనుకుందాం. ఇప్పుడు మోటారు. వర్మ్‌నూ గేర్ చక్రాన్నీ బాగా ఒత్తి పెడితే గట్టిగా పట్టుకుంటాయనే భ్రమ ఉంటుంది. పళ్ళ మధ్య కొంచెం వదులు ఉండాలి, నూనెకూ గ్రీజుకూ చోటు అదే. మోటారును ముందుకూ వెనక్కూ జరపగలిగే అమరికైతే, వర్మ్‌కూ గేర్‌కూ మధ్య పల్చటి కాగితం పేలిక పెట్టి మోటారు బిగించి, తర్వాత కాగితాన్ని తిప్పి బయటికి తీసెయ్యండి. మడతపెట్టే రేకు గేర్‌బాక్స్ అయితే దూరం ముందే నిర్ణయమై ఉంటుంది, కాగితం అక్కర్లేదు. గేర్ చక్రాన్ని వేలి కొనతో అటూ ఇటూ ఆడించండి. ఒక్క చిన్న 'టిక్' తగలాలి. అసలు తగలకపోతే బిగువు ఎక్కువ. చుట్టూ తిప్పుతూ నాలుగుచోట్ల చూడండి, గేర్ నడిమి రంధ్రం పక్కకు ఉంటే ఒకచోట బిగువు, ఎదురుగా వదులు వస్తుంది.

ఇప్పుడు నూనె

ఏ కందెన ఎక్కడ అనేదాన్ని కంఠస్థం చెయ్యనక్కర్లేదు, ఆ భాగం ఎంత వేగంగా తిరుగుతోందో ఆలోచిస్తే చాలు. 12 వోల్టుల దగ్గర మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతోందనుకోండి. గేర్ నిష్పత్తి 40:1 అయితే చక్రం నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. 18 మి.మీ. చక్రానికి అది నిమిషానికి సుమారు 17 మీటర్లు, స్కేల్ ప్రకారం గంటకు 77 కిలోమీటర్ల వేగం. ఒకే ఇంజన్‌లో ఒక బేరింగ్ 12,000 చుట్లు, ఇంకో బేరింగ్ 300 చుట్లు తిరుగుతున్నాయి. రెండిటికీ ఒకే నూనె ఎలా సరిపోతుంది?

మోటారు ఇరుసు బేరింగ్‌లకు చాలా పల్చటి నూనె. చిక్కటిది వేస్తే దాన్ని చిలకడానికే మోటారు బలం పోతుంది. ఈ బేరింగ్‌లు చాలావరకు పొడి లోహాన్ని ఒత్తి చేసిన సచ్ఛిద్ర కంచువి, వాటి ఘనపరిమాణంలో సుమారు ఐదో వంతు సూక్ష్మ రంధ్రాలే. తయారీలోనే వాటిలోకి నూనె ఎక్కిస్తారు. తిరిగి వేడెక్కినప్పుడు నూనె పైకి వస్తుంది, చల్లారినప్పుడు లోపలికి పోతుంది. కాబట్టి కొత్త మోటారుకు నూనె దాదాపు అక్కర్లేదు.

చక్రాల ఇరుసు బేరింగ్‌లకు, క్రాంక్ పిన్‌లకు కొంచెం చిక్కటి నూనె. నిదానంగా తిరుగుతూ బరువు మోసే చోటు కాబట్టి అది నిలిచి ఉండాలి.

వర్మ్ గేర్‌కు గ్రీజు. వర్మ్ పళ్ళు మామూలు గేర్ల పళ్ళలా దొర్లవు, ఒకదాని మీద ఒకటి జారుతూ పోతాయి. రాపిడి అక్కడ ఎక్కువ. పల్చటి నూనె వేస్తే వేగానికి విసిరేసినట్టు చుట్టూ చిమ్ముతుంది. పళ్ళు కుట్టుకునే పుల్ల కొనకు గ్రీజు తీసుకుని, గేర్ చక్రం పళ్ళకు ఒక చుట్టు పూసి, అయిదు నిమిషాలు నడిపి, పక్కలకు నెట్టుకొచ్చినదాన్ని తుడిచెయ్యండి. పళ్ళ లోతులో పల్చగా మెరుస్తూ ఉంటే సరిపోయినట్టే.

ఎంత? నేను సీసా మూతితో ఎప్పుడూ నేరుగా వెయ్యను. ఒక చిన్న మూతలో రెండు చుక్కలు పోసుకుంటాను. పుల్లకు గుచ్చిన సన్నటి కుట్టుసూది మొనను అందులో ముంచి తీస్తే, మొన దగ్గర కంటికి ఆనీ ఆననంత బిందువు నిలబడుతుంది. దాన్ని ఇరుసూ బేరింగ్ కలిసే సందుకు తాకించగానే ఒక్కసారి లోపలికి మాయమవుతుంది. అలా మాయమైతే సరైన మొత్తం. మాయం కాకుండా బయట ఉంగరంలా నిలిస్తే ఎక్కువైంది, కాగితం కొనతో పీల్చెయ్యాలి. ఆ మిగిలిందే రేపు చక్రం వెనక నుంచి పాకి అంచుకు చేరి, పట్టాలకు అంటుకుని, చక్రాలు జారేలా చేసి, కరెంటు అందకుండా చేస్తుంది. ఆరు ఇరుసు బేరింగ్‌లు, ఆరు క్రాంక్ పిన్‌లు, మోటారు రెండు కొనలు. ఈ పధ్నాలుగు చోట్లకూ కలిపి ఆ రెండు చుక్కల్లో సగం కూడా ఖర్చు కాదు.

కమ్యుటేటర్ విషయం విడిగా చెప్పాలి, మీ మోటారు వేడెక్కడానికి కారణం అదేనని నా అనుమానం. మోటారు వెనక కొనకు వేసిన నూనె ఎక్కువైతే ఇరుసు వెంట లోపలికి పోయి కమ్యుటేటర్ మీదికి చేరుతుంది. బ్రష్‌ల కార్బన్ పొడితో కలిసి నల్లటి పేస్టవుతుంది. ఆ పేస్టు కమ్యుటేటర్ ముక్కల మధ్య ఉండే సన్నటి సందుల్లో నిండితే కరెంటు చుట్టలోకి పోకుండా అడ్డదారిలో ఒక ముక్క నుంచి పక్క ముక్కకు పోతుంది. బలం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. నా రెండో ఇంజన్ మోటారు అలాగే పోయింది. విప్పి చూస్తే సందులన్నీ కాటుక దిద్దినట్టు నిండిపోయి ఉన్నాయి.

వాడకూడనివి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు తేమను తరమడానికి చేసినవి. 1953లో తయారైన ఆ ద్రవం పేరులోని రెండు అక్షరాలకు అర్థం కూడా నీటిని తొలగించడమే. అందులో ద్రావకం ఆరిపోయాక మిగిలే పొర గేర్లకు చాలదు, పైగా స్ప్రే కొడితే పోకూడని ప్రతిచోటికీ పోతుంది. సిలికాన్ నూనె చాలా దూరం పాకుతుంది, అది తగిలిన చోట తర్వాత రంగు నిలవదు. ఇంకా రంగు వెయ్యని కిట్‌కు అది శాపం. గ్రాఫైట్ పొడి కరెంటును పోనిస్తుంది, మోటారు దగ్గర, ఇన్సులేట్ చేసిన చక్రాల దగ్గర వాడకూడదు. వంటనూనెలు గాలి తగిలి బంకగా మారతాయి. వాహనాల గ్రీజు మన మోటార్లకు మరీ బరువు.

మీరు వాడిన కుట్టుమిషన్ నూనె లోహం మీద లోహం ఉన్నచోట చెడ్డదేమీ కాదు. చిక్కు ప్లాస్టిక్‌తో. అది పెట్రోలియం నుంచి వచ్చే ఖనిజ నూనె. పాలీస్టైరీన్, ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటివాటి మీద ఇలాంటి నూనెలు నెలల తరబడి ఉంటే, బిగువులో ఉన్న భాగాలు పగుళ్ళివ్వవచ్చు. 1960లో మార్కెట్లోకి వచ్చిన డెల్రిన్, అంటే అసిటాల్, నూనెలను బాగా తట్టుకుంటుంది, గేర్లకు దాన్ని ఎక్కువగా వాడటానికి అదొక కారణం. చక్రాల మధ్య భాగం ఏ ప్లాస్టిక్కో మీకు తెలియకపోతే, ప్లాస్టిక్‌కు సురక్షితం అని సీసా మీద రాసి ఉన్న నూనె మాత్రమే కొనండి.

మీ ఇంజన్‌కు ఇప్పుడు చెయ్యాల్సింది

మోటారు తీసి, ఆ నూనె పోసిన చాసిస్‌ను విప్పండి. ఇత్తడి, ఉక్కు భాగాలను లైటర్‌లలో పోసే పెట్రోలు రకం ద్రవంతో బ్రష్ చేసి కడగవచ్చు. గాలి ఆడే చోట, దగ్గర్లో మంట గానీ వేడి టంకం ఇనుము గానీ లేకుండా చూసుకోండి. ప్లాస్టిక్ ఉన్న చక్రాలను ఆ ద్రవంలో ముంచకండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూది పుల్లతో తుడవండి. మోటారును దేనిలోనూ ముంచకండి. కమ్యుటేటర్ కనపడే రకమైతే ఆల్కహాల్ తడి పుల్లతో తుడిచి, సందులను పళ్ళు కుట్టుకునే చెక్క పుల్లతో నెమ్మదిగా గీకండి, ఉక్కు సూదితో వద్దు. మూసి ఉన్న డబ్బా మోటారైతే, ఒంటరిగా 6 వోల్టుల దగ్గర పది నిమిషాలు తిప్పి చూడండి. ఏ లోడూ లేకుండానే చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే దాని మీద ఇంకా శ్రమ పెట్టకండి, మార్చెయ్యండి. ద్రావకం తగిలిన సచ్ఛిద్ర కంచు బేరింగ్‌లు లోపలి నూనెను కోల్పోతాయి కాబట్టి వాటికి మళ్ళీ నూనె పట్టించడం మరవకండి.

ఆ తర్వాత పైన చెప్పిన వరసలో పొడి పరీక్ష, రాడ్లు, గేర్లు, చివర నూనె.

అన్నీ కుదిరాక నేను ఇంజన్‌ను, పైభాగం పెట్టకుండా, సగం వేగంతో ముందుకు అరగంట, వెనక్కు అరగంట నడుపుతాను. కరెంటు ఎంత పోతోందో చూపే ఒక ఆమ్మీటర్‌ను మోటారుకు వరుసలో (సిరీస్‌లో) పెడతాను. సాఫీగా ఉన్న చాసిస్ అయితే ముల్లు ఒకచోట నిలబడి ఉంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా ముల్లు లేచి పడుతుంటే, కంటికి తడబాటు కనపడకపోయినా ఎక్కడో ఇంకా పట్టేస్తోందని అర్థం. మీటర్ ఉంటే తప్పక వాడండి, చెవి పట్టుకోలేనిది ముల్లు పట్టుకుంటుంది. అరగంట అయ్యాక క్రాంక్ పిన్‌ల చుట్టూ వచ్చిన నల్లటి నూనెను తుడిచేసి, కొత్తది ఒకసారి తాకించాలి. మొదటి గంటలో రాలే ఇత్తడి పొడి అందులోనే ఉంటుంది.

ఇక ఎన్నాళ్ళకోసారి అంటే, క్యాలెండర్ ప్రకారం వెయ్యకండి. నేను సుమారు ముప్ఫై గంటల పరుగుకు ఒకసారి చూస్తాను. చూడటం వేరు, వెయ్యడం వేరు. బేరింగ్ సందులో తడి మెరుపు ఉంటే దాన్ని అలాగే వదిలేస్తాను. కీచుమంటే, లేదా పిన్ పొడిబారి మసకగా కనపడితే అప్పుడు సూది మొన.

పెట్టెలో ఉండిపోయే ఇంజన్లకు మాత్రం కాలమే శత్రువు. ఒక స్నేహితుడు పన్నెండేళ్ళు పెట్టెలో ఉంచిన ఇంజన్‌ను తెచ్చిచ్చాడు. కరెంటు ఇస్తే మోటారు మూలుగుతోంది గానీ చక్రం కదల్లేదు. గేర్‌బాక్స్ విప్పితే పళ్ళ మధ్య గ్రీజు తేనెరంగు మైనంలా గట్టిపడి ఉంది, గోటితో గీకితే పెచ్చులుగా లేచింది. దాన్ని పూర్తిగా తీసి, కొత్తది పూస్తే పది నిమిషాల్లో పాత జోరు వచ్చింది. అలాంటిదాని మీద కొత్త నూనె పోస్తే గట్టిపడిన గ్రీజు కొంత కరిగి బేరింగ్‌లలోకి పారుతుంది, పని రెట్టింపవుతుంది. పాతదంతా తీశాకే కొత్తది.

ఒకవైపు రాడ్లు తీసి దొర్లించాక చాసిస్ ఏ వైపుతో, ఎన్ని గంటల స్థానంలో ఆగుతోందో ఇక్కడే రాయండి. వీలైతే రాడ్ల లోపలి ముఖాల ఫోటో కూడా పెట్టండి, పక్క నుంచి వెలుతురు పడేలా. ఆ రెండూ చూస్తే ఏ రంధ్రం ముట్టుకోవాలో, ఏవి ముట్టుకోకూడదో చెప్పగలను. అప్పటిదాకా బ్రోచ్ పట్టుకోకండి.